కోట గుమ్మంలో రాయిగారు

నది ఒడ్డున ఉన్న ఆ పాత నగరానికి వేసవిలో వచ్చినవాళ్ళు వంతెన మీద ఫొటో దిగుతారు, గంటస్తంభం ఎక్కి మోకాళ్ళు పట్టుకుని దిగుతారు, ఆ తర్వాత తీరిగ్గా కోట గుమ్మంలో నిలబడ్డ సైనికుణ్ణి ఏడిపించడానికి వస్తారు. గంటస్తంభానికి టిక్కెట్టు వేరే ఉంది. మనిషిని ఏడిపించడం మాత్రం కోట టిక్కెట్టులోనే కలిపి ఉంటుంది.

సైనికుడంటే నిజం సైనికుడు కాడు. ఆ కోటలో కాపలా కాయడానికి పావురాలు తప్ప ఏమీ మిగల్లేదు. కోటను కౌలుకు తీసుకున్న కాంట్రాక్టరు జనాన్ని రప్పించడానికి పెట్టిన వేషం అది. ఎర్ర ఉన్ని కోటు, ఇత్తడి బొత్తాలు, చెంపలు కప్పేసే లోహపు టోపీ, చేతిలో బల్లెం. చుట్టూ తాడు కట్టి పక్కన ఒక బోర్డు పెట్టాడు. ఈ సైనికుణ్ణి కదిలిస్తే మీ కుటుంబమంతా నదిలో ఉచితంగా పడవ షికారు చేయవచ్చు అని దాని మీద రాసి ఉంటుంది. కనురెప్ప ఆర్పితే లెక్కలోకి రాదు. తల తిప్పినా, నవ్వినా, నోరు విప్పినా పడవ వాళ్ళది, దాని ఖర్చు సైనికుడి జీతంలోంచి పోతుంది.

ఆ వేషం కట్టేవాణ్ణి వీధిలో అందరూ రాయిగారు అనేవాళ్ళు. ఎగతాళికి పెట్టిన పేరే, కాని అతను దాన్ని బిరుదులా మోసేవాడు. నిజానికి అతను పుట్టు రాయి కాడు. ఒకప్పుడు ఆ నది మీద నడిచే లాంచీలో టిక్కెట్లు చింపేవాడు. అతను నవ్వితే లాంచీలో నిద్రపోయేవాళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఆ నవ్వు విన్నాకే పెళ్ళికి ఒప్పుకున్నానని అతని భార్య అందరికీ చెప్పుకునేది. లాంచీ పాతబడి ఒడ్డుకెక్కాక పని పోయింది. కాంట్రాక్టరు అతని పొడుగు చూసి కోటు తొడిగాడు. మొదటిరోజే ఒక పసిపిల్ల నాలుక బయటపెట్టి వెక్కిరిస్తే పగలబడి నవ్వేశాడు. పడవ పోయింది. రెండోరోజూ అంతే.

అతన్ని రాయిగా చేసింది భార్యే. సాయంత్రం పూట కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి సాధన చేయించేది. మొహం వికారంగా పెట్టేది, చంకల్లో గిలిగింతలు పెట్టేది. వాటికి అలవాటు పడ్డాక అబద్ధాలు మొదలుపెట్టింది. పొయ్యి మీద గిన్నె అంటుకుందనేది, మెట్ల మీద పాముందనేది. అన్నిటికంటే కష్టమైన పరీక్ష ఆఖరికి ఉంచేది. పెద్ద సంచి భుజాన తగిలించుకుని గుమ్మం దాకా నడిచి, "ఇది ఆట కాదండీ, నిజంగానే వెళ్ళిపోతున్నాను," అనేది. మొదట్లో అతను లేచి పరుగెత్తేవాడు. ఆమె పడీ పడీ నవ్వి మళ్ళీ కూర్చోబెట్టేది. చివరికి ఒకరోజు ఆమె తలుపు దాటి, మెట్లు దిగి, వీధిలోకి వెళ్ళినా అతను కదలలేదు. ఆమె ఎగురుకుంటూ తిరిగొచ్చి, రెండు చేతులతో అతని మొహం పట్టుకుని, "పాసయ్యారు," అంది. ఆ తర్వాత పడవలు పోవడం ఆగిపోయింది.

జనం ఊరుకుంటారా? కదలని మనిషి కనిపిస్తే మనిషిలోని వెధవ బుద్ధి అంతా పైకొస్తుంది. ఒకావిడ అతని కంట్లోకి ఊదింది. ఇంకొకాయన కరిగే ఐసుక్రీము అతని జేబులో పెట్టాడు. ఒక తండ్రి తన కూతుర్నే గిల్లి, అది గుక్కపట్టి ఏడుస్తుంటే, "చూడు, సైనికుడు ఓదారుస్తాడేమో," అన్నాడు. ఇవేవీ అతను ఇంట్లో చెప్పేవాడు కాడు. భార్యకు చెప్పనక్కరలేదు, కోటు ఉతికేది ఆమెగా. వీపు మీద అంటించిన బబుల్ గమ్మును ఐసుముక్కతో రుద్ది పీకేటప్పుడు, కాలరులోంచి చీమలను దులిపేటప్పుడు ఆమెకు ఆ రోజు కథంతా తెలిసిపోయేది. ఉదయం ఆ కోటు తొడిగి, గొంతు దగ్గర కొక్కెం ఆమే పెట్టేది. ఆ కొక్కెం అతని లావుపాటి వేళ్ళకు అందేది కాదు.

క్రమంగా రాయి కోట నుంచి ఇంటికి కూడా రావడం మొదలుపెట్టింది. రాత్రి అన్నం తింటూ ఆమె ఏదో చెబుతుంటే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. దవడ బిగుసుకుపోయిందనేవాడు. ఆమె జోకు వేస్తే ఊ అనేవాడు. ఇద్దరి మధ్యా గొడవేమీ లేదు, అసలు ఏమీ లేదు.

ఆ వేసవిలో కాంట్రాక్టరు ఒక ఆశ పెట్టాడు. సీజను ఆఖరి ఆదివారం దాకా ఒక్కసారి కూడా కదలకపోతే పని పర్మినెంటు, పైగా కోట లోపల ఒక గది. ఆ గదికి నదివైపు కిటికీ ఉంది, గదిలోనే కుళాయి ఉంది. వాళ్ళుండే ఇంట్లో నీళ్ళు కింద వాటాలో వస్తాయి, ఆమె బకెట్లు మోసుకుంటూ పైకెక్కాలి. ఆ కుళాయి కోసం అతను ప్రాణం పెట్టాడన్నది నిజం. ఆ మాట భార్యకు విడమరచి ఎప్పుడూ చెప్పలేదన్నదీ అంతే నిజం. గది ఇస్తారట, కదలకూడదు, అంతే, అన్నాడు ఆమెతో.

సరిగ్గా అప్పుడే ఆమె అక్కా బావా వేసవి సెలవులకు దిగారు. బావకు బట్టల కొట్టుంది, పడవ షికారుకు డబ్బుల్లేక కాదు. చుట్టరికం పెట్టుకుని టిక్కెట్టు కొనడమేమిటని ఆయన పట్టుదల. నగరంలో ఎన్ని చూడాల్సినవి ఉన్నా రోజూ పొద్దున్నే కోట గుమ్మానికి వచ్చేవాడు. తోడల్లుడి ఎదుట నిలబడి పెళ్ళినాటి ముచ్చట్లన్నీ తీశాడు, లాభం లేకపోయింది. కాలరులోంచి ఐసుముక్కలు వేశాడు. మీ ఇంటి పైకప్పు కూలిందని చెప్పాడు. అక్క పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాత్రి వాళ్ళు అదే ఇంట్లో, రాయిగారి మంచం మీదే పడుకునేవాళ్ళు.

గురువారం ఆమె భర్తకు నీళ్ళ సీసా ఇవ్వడానికి కోటకు వచ్చింది. గుమ్మం ముందు రాతిమెట్లు అప్పుడే కడిగారు. ఆమె తాడు దగ్గరికి వస్తుండగా బావ కాలు అడ్డం పెట్టాడు. పెళ్ళాం పడితే ఎంత రాయైనా వంగుతాడని ఆయన లెక్క. ఆమె మెట్టు అంచు మీద చెయ్యి మడతపడి పడింది. భర్త చెయ్యి చాపితే అందేంత దూరం. టోపీ చెంపల మీదికి దిగి ఉండడంతో అతనికి పక్కన ఏమీ కనబడలేదు. పడిన చప్పుడు వినిపించింది. అబ్బా అన్న మాట వినిపించింది. వెంటనే తోడల్లుడి నవ్వు కూడా వినిపించడంతో, ఓహో, ఇదా సంగతి, ముగ్గురూ కలిసి నాటకం ఆడుతున్నారన్నమాట, అనుకున్నాడు. బల్లెం ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఎవరో పరాయి మనిషి ఆమెను లేవదీశాడు.

సాయంత్రం ఇంటికొస్తే ఆమె మణికట్టుకు పిండికట్టు ఉంది. రెండో చేత్తో కోటు ఉతుకుతోంది.

"నిజంగానే పడ్డావా?" అన్నాడు.

ఆమె కాలరు మీద సబ్బు రుద్దింది.

"నేను ఆటనుకున్నాను."

ఆమె చేతిలో సబ్బు పక్కన పెట్టి అతన్ని చాలాసేపు చూసింది. "పాసయ్యారు," అంది.

అతను ఆ మాట విన్నాడు గాని ఆ గొంతు వినలేదు. హమ్మయ్య, కోపం లేదు, అనుకున్నాడు వెర్రిబాగులవాడు. బావను ఒక్క మాట అడగమని ఆమె ఆ రాత్రి నెమ్మదిగా అంది. చుట్టాలు కదా, ఆదివారం కానీ, అన్నాడు. ఆ మర్నాడు ఆమె ఇంకో మాట అంది. ఆ గది నాకొద్దండీ, నాతో మాట్లాడే మనిషి కావాలి, అంది. దానికీ ఆదివారం కానీ అనే అన్నాడు. కుళాయి సంగతి అప్పుడైనా నోరు విప్పి చెబితే ఏం పోయేదో ఎవరికీ తెలియదు. దవడ నొప్పిగా ఉందని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆఖరి ఆదివారం కోట గుమ్మం కిటకిటలాడింది. అది చివరి అవకాశమని కాంట్రాక్టరు మైకులో ఊదరగొట్టాడు. మధ్యాహ్నం దాటేదాకా వచ్చినవాడల్లా ఒక చెయ్యి వేసి పోయాడు. ఎవరో కాగితం గొట్టంతో చెవిలో అరిచారు. అతని కాళ్ళు తిమ్మిరెక్కాయి, కాని పైకి ఏమీ తెలియలేదు.

అప్పుడు ఆమె వచ్చింది. భుజాన ఆ పెద్ద సంచే ఉంది. తాడు దాటి అతనికి ఎదురుగా, సరిగ్గా చూపు పడేచోట నిలబడింది.

"ఇది ఆట కాదండీ, నిజంగానే వెళ్ళిపోతున్నాను," అంది.

రాయిగారి గుండె సంతోషంతో గంతులేసింది. ఇంతకాలం తర్వాత మళ్ళీ సాధన చేయించడానికి వచ్చిందనుకున్నాడు. ఆఖరి రోజున, ఇంతమంది ముందు, దగ్గరుండి గట్టెక్కించడానికి వచ్చింది. అలిగిందనుకున్న మనిషి సంచి కూడా మరిచిపోకుండా తెచ్చింది. నా పెళ్ళాం బంగారం, అనుకున్నాడు.

"ఇక్కడ మా అక్క మాట కాదు, బావ మాట కాదు, నా మాట చెబుతున్నాను," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఒక్కసారి నావైపు చూడండి. మాట్లాడక్కరలేదు. చూస్తే చాలు, ఉండిపోతాను."

అతని కళ్ళు ఆమె తల పైనుంచి నదిని చూస్తూనే ఉన్నాయి. అలా చూడమని నేర్పింది ఆమే. మనిషి కళ్ళలోకి చూస్తే ఓడిపోతారు, దూరంగా నీళ్ళను చూడండి, అని చెప్పింది.

ఆమె ఇంకాస్త దగ్గరికి వచ్చింది. కట్టు లేని చెయ్యి ఎత్తి అతని గొంతు దగ్గర ఊడిన కొక్కెం పెట్టబోయింది. ఒంటి చేత్తో కుదరలేదు. రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. తాడు దాటి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఏం నటించిందిరా అన్నారు. అతను లోపల్లోపల ఆమె తిరిగి ఎగురుకుంటూ రావడం కోసం చూశాడు. రాలేదు. రేవులో ఊళ్ళకు వెళ్ళే పడవ కూత వేసింది. అక్కా బావలను సాగనంపడానికి వెళ్ళుంటుందిలే అనుకున్నాడు. కోట మూసేవేళ కాంట్రాక్టరు అందరి ఎదుటా భుజం తట్టి, గది తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

అతను నవ్వాడు. పాత నవ్వే. వీధి పొడవునా నవ్వుకుంటూ, కోటుతోనే మెట్లెక్కి, "పాసయ్యానా?" అని గట్టిగా అరిచాడు. తలుపుకు తాళం వేసి ఉంది. కింద వాటాలో ఉండే ఇంటావిడ ఆ తాళంచెవి తెచ్చి ఇచ్చింది.

"రేవులో తాళంచెవి నా చేతికిచ్చి, అక్కావాళ్ళతో పడవెక్కేసిందయ్యా," అంది. "మీరు పిలుస్తారేమోనని రేవులో చివరిదాకా వెనక్కి చూస్తూనే ఉంది. అంతకుముందు నేనూ కోట దగ్గరే ఉన్నాను. ఆటేమో అనుకుని చప్పట్లు కొట్టాను."

లోపల రెండో కోటు ఇస్త్రీ చేసి తగిలించి ఉంది. నీళ్ళ బకెట్లు నిండుగా ఉన్నాయి.

పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా అని మీరనొచ్చు. అతనూ అలాగే అనుకుని కాంట్రాక్టరును సెలవడిగాడు. పర్మినెంటయిన మొదటి రోజే సెలవా, నీ కోటు తొడుక్కోవడానికి బయట ఎంతమంది ఉన్నారో తెలుసా, అన్నాడాయన. కుళాయి ఉన్న గది చేతిలో ఉంటేనే గదా ఆమెను పిలవగలిగేది అని తనకు తనే సర్దిచెప్పుకుని రాయిగారు మళ్ళీ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. కొక్కెం పెట్టేవాళ్ళు లేక కాలరు తెరుచుకునే ఉంది.

ఎండెక్కాక ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళింకా ఏమీ చేయకముందే ఆ ఇంటి ఇల్లాలు గట్టిగా, "ఏడుస్తున్నాడండీ, చూడండి, నీళ్ళు కారుతున్నాయి," అంది. జనం మూగారు. ఆ ఇంటాయన పడవ మాదేనని పట్టుబట్టాడు. ఏడిస్తే కదిలినట్టు కాదా అని వాదించాడు. కాంట్రాక్టరు వచ్చి, అతని మొహం దగ్గరగా మొహం పెట్టి, నింపాదిగా చూశాడు. తల కదల్లేదు, పెదవి కదల్లేదు, బల్లెం కదల్లేదు.

"కన్నీళ్ళు లెక్కలోకి రావండీ," అన్నాడు. "పడవ కావాలంటే అదిగో, టిక్కెట్లు అక్కడిస్తారు."