ఎడమ కంటి నలుపు

మా బాబాయికి నలుపు తెలుపు ఫోటోలు ప్రింటు వేసే దుకాణం ఉంది. కంప్యూటరు ముందు కూచునేది నేనే అయినా ఏ ప్రింటు బాగుందో తేల్చేది ఆయన కన్నే. తెర మీద హిస్టోగ్రామ్ అని కొండలాంటి గీత ఒకటుంటుంది. ఫోటోలో నలుపెంతో తెలుపెంతో అది చూపిస్తుంది. కొండ ఎడమ గోడకి ఆనుకుపోతే నీడల్లో ఉన్నదంతా మసైపోయినట్టు. ఆ మాటంటే బాబాయికి ఒళ్లు మండేది. "ఆ కొండకి కళ్లున్నాయా?" అనేవాడు.

కౌంటరు వెనక గోడకి పిన్ని ఫోటో ఉంటుంది, పెళ్లయిన కొత్తలోది. ఏటా దాన్ని చూసి నలుపు వెలిసిపోయిందంటూ ఇంకాస్త నలుపెక్కించి మళ్లీ వేసేవాడు. వెలిసిందీ లేదు, పాడూ లేదు. ఆయన కళ్లలో శుక్లాలు ముదురుతున్నాయి. చెప్తే వింటేగా.

చివరికి కుడికంటికి ఆపరేషనైంది. దుకాణంలోకి వస్తూనే ఆ కంటితో గోడలు చూసి, "నా ఫోటోలకి తారు పూసిందెవరు?" అని నా మీద విరుచుకుపడ్డాడు. తర్వాత ఎడమకంటితో చూసి, "అబ్బే, బాగానే ఉన్నాయి" అన్నాడు.

అక్కణ్ణించి మొదలైంది నా చావు. ప్రతి ప్రింటునీ ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూడటం, తేలక రెండు కళ్లకీ రెండు ప్రింట్లు వేయడం. అలా కన్నుకొడుతుంటే కౌంటరు అవతలి ఆడవాళ్లు ఏమనుకోవాలి? ఒకావిడ మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. పోట్లాటకొచ్చిన ఆ పెద్దమనిషి సంగతంతా విని, తనూ ఒక కన్ను మూసి చూసి, ఎడమకంటి ప్రింటే తనకి నచ్చిందని పట్టుకుపోయాడు.

ఓ మధ్యాహ్నం బాబాయి కుర్చీ నా పక్కకి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ కొండ ఎవరి పక్షం?"

"కుడికంటి పక్షం" అన్నాను. నా సంతోషం దాచుకోలేదు. కుర్చీ మళ్లీ దూరంగా జరుపుకున్నాడు.

రెండో కంటికి డాక్టరు ఎప్పుడు రమ్మన్నా ఏదో వంక పెట్టి ఎగ్గొట్టేవాడు. గుమ్మాలకి గుద్దుకుంటున్నా సరే. పిన్ని దుకాణానికే వచ్చి నిలదీసింది. బాబాయి ఆ ఫోటో చూపించాడు.

"కుడికంటికి అది బొగ్గు. ఎడమకంటికే నువ్వు కనిపిస్తున్నావు. దీనికీ ఆపరేషనైతే ఇంక నిన్ను చూసేదెట్లా?"

నాకు జాలేసింది. పిన్నికి వెయ్యలేదు.

"ఎదురుగానే ఉన్నాగా. నన్ను చూడండి" అంది. చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది.

కట్టు విప్పాక బాబాయి పిన్నితో కలిసి దుకాణానికొచ్చి, రెండు కళ్లతోనూ ఆ ఫోటో చూసి గోడ మీంచి దించేశాడు. కంప్యూటర్లో ఆ ఫోటోవి ఉన్న ఫైళ్లలో అన్నిటికన్నా పాతది తియ్యమన్నాడు. దానికి నలుపెక్కించకుండా ప్రింటు వేశాం. కొండ వంక నేనూ చూడలేదు.

ఇన్నేళ్లూ నలుపే ఉన్నచోట పిన్ని భుజం మీంచి ముందుకు పడిన పొడవాటి జడ ఉంది. బాబాయి ఒక కన్ను మూశాడు. తెరిచి రెండోది మూశాడు. రెంటికీ జడే.

"ఇంత జడ ఉండేదా నీకు?" అని అడిగాడు.

"ఉండేది" అంది పిన్ని, మెడ దాకా ఉన్న జుట్టుని చెవి వెనక్కి నెట్టుకుంటూ. "కత్తిరించుకుని చాలా ఏళ్లయింది. అడుగుతారేమోనని కొన్నాళ్లు చూశాను."