పేనుబంక పట్టిన ఫోను

ఎమ్మిగనూరులో నా సెల్ రిపేరు దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది మొదట అడిగే మాట ఒకటే. "అన్న ల్యాడామ్మా?"

ఏ అన్న? ఈ దుకాణంలో అన్న ఎప్పుడూ లేడు. బల్ల వెనక, నుదుటికి భూతద్దం కట్టుకుని, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నది నేనే. అయినా నా తల మీదుగా లోపలికి తొంగి చూస్తారు, అన్న అన్నం తినడానికి పోయినట్టు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు "అన్న చంద్రమండలానికి పోయినాడు, ఫోను నాకియ్యప్పా" అంటాను.

నా పని మీద నాకు పొగరే. దాచుకోను. మా నాయన మగ్గం నేసేవాడు. పడుగు అయిపోయినప్పుడల్లా పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతికే పని అమ్మదీ నాదీ. వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో పోగునూ మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీరంతా గీత పడుతుంది. పదేళ్ళ వయసు నుంచి ఆ పని చేసిన వేళ్ళకు ఫోను లోపలి తీగలు ఒక లెక్కా? ఆదోనిలో ఒక దుకాణంలో రెండేళ్ళు నేర్చుకున్నాను. అక్కడ నేర్పించిన ఆయనే ఆఖరికి సన్నపని ఏదొచ్చినా నావైపు తోసేవాడు.

ఆన్ కాని ఫోను వస్తే నేను ముందు చూసేది చార్జింగ్ పెట్టే రంధ్రం. ఆ ఫోను ఏం పని చేసేవాళ్ళదో ఆ రంధ్రమే చెప్పేస్తుంది. గంజి ఎండి, రంగురంగుల నూగు ఉంటే నేతగాళ్ళది. తెల్లగా ఉంటే పత్తి ఏరే వాళ్ళది. ఎర్రటి పొడి రాలి నాకు వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయంటే, సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఫోను. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోవడాన్ని మావాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. ఊళ్ళకు ఊళ్ళే తాళాలు వేసుకుని పోతాయి.

పోయినేడు సుగ్గి మొదలయ్యే రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ముప్పై ఐదేళ్ళ ఆడమనిషి వచ్చింది. దేవనకొండ వైపు పల్లె. కొంగుకు ముడేసుకున్న ఫోను విప్పి బల్ల మీద పెట్టింది. ఒక విషయంలో మాత్రం ఆమె నాకు నచ్చింది, అన్న ఎక్కడని అడగలేదు.

"మూడు దినాలాయె అక్కా, ఏమి సేసినా ఆన్ కాల్యా. సాయంత్రం సుగ్గికి లారీ ఎక్కాల. నాలుగ్గంటల బస్సుకు పోకుంటే అందుకోలేను. రోంత బిన్నా సూడు."

గడియారం చూశాను. రెండు దాటింది. "నాలుగింటికి ఎందుకమ్మా, అరగంటలో ఇస్తా పో" అన్నాను. అదీ నా వాలకం.

రంధ్రంలో సూది పెట్టి లాగితే పత్తి ఉండలా చుట్టుకుని వచ్చింది. దీపానికి ఒత్తి చేసుకోవచ్చు. "ఫోను ఒడిలో పెట్టుకుంటావా?" అని అడిగాను. పత్తి ఏరేటప్పుడు నడుముకు చీర బిగించి కట్టుకునే ఒడి అది. అవునంది. అంతే కదా అనుకుని చార్జర్ తగిలించాను. బొమ్మ రాలేదు. చార్జర్ మార్చాను. రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టాను. తెర పోయిందేమోనని టార్చి వేసి వాలుగా చూశాను, నీడైనా లేదు. చివరికి కరెంటు ఎంత తీసుకుంటుందో చూపించే మిషనుకు తగిలించాను. ముల్లు కాస్త లేస్తుంది, పడిపోతుంది. మళ్ళీ లేస్తుంది, పడిపోతుంది. అట్లా లేచి పడిందంటే బోర్డు పోయినట్టే అని నా నమ్మకం. అప్పటికి ఇరవై ఫోన్లు ఆ ముల్లు చూసే తేల్చేశాను.

"బోర్డు పోయిందమ్మా" అన్నాను. మా వృత్తిలో అది చావు కబురు. ఎంత దర్జాగా చెప్పినానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైగా డ్రాయరులోంచి ఒక పాత బటన్ ఫోను తీసి ఆమె ముందు పెట్టాను. "ఇది తీస్కపో. నీ సిమ్ము దీంట్లో ఏస్తా. మాట్లాడేదానికి ఏ ఫోనైతే ఏమి?"

ఆమె ఆ ఫోను ముట్టుకోలేదు.

"మా పాప మాట్లాడదక్కా" అంది.

నాకు అర్థం కాలేదు. అలిగిందా అన్నాను.

"పుట్టినప్పట్నుంచి సెవులు ఇనపడవు. మాటల్లేవు. తొమ్మిదేండ్లు. కోడుమూరులో మా సెల్లెలి దగ్గర ఇడ్సిపెట్టినాను, బడికి పోతాదని. దినామూ ఫోన్లో నన్ను సూసి సేతుల్తో సెప్తాది, నేనూ సేతుల్తో సెప్తా. మూడు దినాలాయె నా మొగం సూడక. సుగ్గికి పోతాండానని దానికి ఇంగా తెలీదు. అమ్మ యాడికో పోయిందంట అని ఎవురు సెప్పినా అది నమ్మదు. నేనే సెప్పాల."

నాకు తల కొట్టేసినట్టయింది. బల్ల మీద ఆ బటన్ ఫోను నన్ను వెక్కిరిస్తూ ఉంది. తీసి డ్రాయరులో పడేశాను. నుదుటి మీది అద్దం కళ్ళ మీదికి లాక్కున్నాను. ఇరవై ఫోన్లకు చెప్పిన తీర్పు ఈ ఒక్కదానికి చెప్పబుద్ధి కాలేదు.

ఫోను వెనక మూత వేడిచేసి విప్పాను. బోర్డు మీద ఎక్కడా కాలిన మచ్చ లేదు, తడి లేదు. ఇంత శుభ్రంగా ఉన్న బోర్డు ఎట్లా పోతుంది? ముల్లు ఎందుకు లేచి పడుతుంది? మగ్గంలో పోగు తెగితే మా నాయన తెగిన చోట వెతికేవాడు కాదు. పోగు వెంట వేలు పెట్టుకుని మొదటి నుంచి వచ్చేవాడు. నేనూ మొదటి నుంచి వచ్చాను. మొదలంటే ఆన్ చేసే బటను. అద్దంలోంచి దాన్ని చూశాను. రెండో వైపు బటన్లు పైకి తేలి ఉన్నాయి. ఇది లోపలికి దిగిపోయి ఉంది. గోటితో లేపబోతే రాలేదు. చుట్టూ ఏదో నల్లటి జిగురు, దాంట్లో పత్తి పోగులు.

"మీ చేనుకు పేనుబంక పట్టిందా?" అని అడిగాను.

"అయ్యో, ఈ ఏడు యాడ సూసినా బంకే గదక్కా. ఆకులన్నీ జిగుటు జిగుటు. సేతులకు కిరసనాయిలు పూసుకుంటే గానీ పోల్యా."

అదీ సంగతి. పేనుబంక అంటే ఆకుల రసం పీల్చే సన్న పురుగు, అది విడిచే జిగురు ఆమె చేతులకు, చేతుల నుంచి ఫోనుకు. పైన బిగించి కట్టిన ఒడి రోజంతా బటనును నొక్కి పెట్టింది. అది అట్లాగే అతుక్కుపోయింది. బటను ఎవరో వదలకుండా నొక్కుతున్నట్టే ఉంటే పాపం ఫోను ఏం చేస్తుంది? లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. ముల్లు నిజమే చెప్పింది, నేనే తప్పు విన్నాను. పత్తి ఊళ్ళలో ఇన్నేళ్ళు పనిచేసి బంక సంగతి మరిచిపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను, ఆమె వినేటట్టే.

సూది మొనకు స్పిరిట్ తడిపిన దూది చుట్టి, బటను చుట్టూ తిప్పుతూ కరిగించాను. లాగితే లోపలి సన్న పట్టీ తెగుతుంది, అందుకని తొందరపడలేదు. మూడుంబావుకు బటను టిక్కుమని పైకి లేచింది. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చార్జర్ పెట్టాను. తెర మీద బొమ్మ వచ్చింది, ఫోను ఆన్ అయింది.

ఆమె సంతోషపడుతూ కూర్చోలేదు. ఫోను లాక్కుని, పేర్లు చదవడం రాదు కాబట్టి ఫోటోలు చూసి చెల్లెలి బొమ్మ నొక్కింది. కాసేపటికి తెర నిండా ఒక చిన్న మొహం. ఆమె ఒక చేత్తో ఏదో చెప్పబోయి, ఆగి, ఫోను నాకు ఇచ్చింది.

"రోంత పట్టుకోక్కా. రెండు సేతులూ కావాల."

రెండు చేతులతో ఫోనును ఆమె మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. నాకు తెర కనిపించదు, ఆమె కనిపిస్తుంది. ముందు ఆమె నవ్వింది. "తిడ్తాందక్కా," అంది నాతో. "మూడు దినాలు ఎందుకు మాట్లాడల్యా అని తిడ్తాంది."

తరువాత ఆమె చేతులు మొదలుపెట్టాయి. మూట కట్టాయి, లారీ ఎక్కాయి, వంగి కాయలు కోశాయి. వేళ్ళు మడిచి ఏవో దినాలు లెక్కపెట్టాయి. ఒక చోట ఆగిపోయి, గుండె మీద ఆనుకుని, మళ్ళీ కదిలాయి. నా భుజాలు లాగుతున్నాయి. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

అప్పుడే మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. నన్నూ చూశాడు, గాల్లో చేతులు తిప్పుతున్న ఆమెనూ చూశాడు. అలవాటు ప్రకారం నా తల మీదుగా లోపలికి తొంగి చూశాడు.

"అన్న ల్యాడామ్మా?"

"రోంత ఉండప్పా," అన్నాను. "ఈడ మాట్లాడ్తాండారు."