పద్దెనిమిదో నంబరు ప్లేటు

నా నోట్‌బుక్కులో రెండు జాబితాలు ఉండేవి. ముందు వైపు నుంచి నేను చూసిన పాత గ్రామఫోన్ రికార్డుల వివరాలు: సైజు, బరువు, గీతలు, అంచు దెబ్బలు. వెనక వైపు నుంచి, వాటిని ఎవరు ఏమని పిలిచారో. మేడ్చల్‌లో పాత సామాన్ల దుకాణాయన ‘ప్లేట్లు’ అన్నాడు. సికింద్రాబాద్‌లో అమ్మేవాళ్లు ‘ఎల్పీలు’ అన్నారు. మా కంపెనీ క్యాబ్ డ్రైవరుకు పాట ఎందులో ఉన్నా అది ‘ఎంపీత్రీ’యే. నేను ఇంటర్నెట్‌లో నేర్చుకున్న ‘వినైల్’ అనే మాట వాడేవాణ్ణి. వినేవాళ్లకు అదేదో రసాయనం పేరులా తోచేదని అప్పట్లో నాకు తట్టలేదు.

అది 2011. తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో తూనిక యంత్రాలు, థర్మామీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. యంత్రం చూపిన అంకెను వెంటనే నమ్మకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. దాన్ని మనుషులకు కూడా వర్తింపజేసుకున్నది నేనే.

శామీర్‌పేటలో ఒకప్పుడు పెళ్లిళ్లకు మైకుసెట్టు నడిపిన ముసలాయన దగ్గర ప్లేట్లున్నాయని ఆ డ్రైవరే చెప్పాడు. ఒక శనివారం మధ్యాహ్నం క్యాబ్ అక్కడే దిగిపోయాను. నేను ఆయన్ని చాచా అన్నాను, ఆయన నన్ను బేటా అన్నాడు. ఇనుప పెట్టె తెరిచి చూపించాడు. అట్ట కవర్ల మీద తెల్ల పెయింటుతో ఒకటి నుంచి పద్దెనిమిది దాకా నంబర్లు వేసి ఉన్నాయి, పాటల పేర్లు లేవు. పెళ్లి నడిచే వరుసలోనే ఆ నంబర్లు. పందిరి వేస్తున్నప్పుడు ఒకటి, బంతి భోజనాల వేళకు తొమ్మిదో పదో, అలా. పద్దెనిమిదో కవరు ఖాళీగా ఉంది.

“పద్దెనిమిది ఏది చాచా?”

“అది లేదు బేటా.”

“ఎవలకన్న అమ్మిన్రా?”

“లేదంటే లేదు. చాయ్ తాగు, సల్లగైతాంది.”

పిల్లను సాగనంపేటప్పుడు వేసే ఆ ప్లేటును ఆయన మనవరాలి పెళ్లి కోసం విడిగా దాచుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది ఒకటే: ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

మిగిలిన పదిహేడింటినీ పరీక్షించాను. ల్యాబు గ్లౌజులు తొడుక్కున్నాను. భూతద్దంతో అంచులు చూశాను. చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక్కోదాన్నీ తూచి రాసుకున్నాను. చాచా పెద్దకొడుకు మేకల బేరం చేస్తాడు. ద్వారబంధానికి ఆనుకొని అంతా చూశాడు.

“మేక నోట్ల పండ్లు చూసినట్టు చూస్తున్నవేంది తమ్మీ?” అన్నాడు.

“కొనే ముందు చూసుకోవాలె గదన్నా.”

“చూస్కో, చూస్కో.” నవ్వాడు గానీ అక్కడి నుంచి కదల్లేదు.

రెండో శనివారానికి పెట్టెలో పద్నాలుగే ఉన్నాయి. మూడో శనివారానికి పదకొండు. నాకంటే ముందే ఎవరో వచ్చి మంచివి ఏరుకుపోతున్నారని నిర్ధారించుకున్నాను. మిగిలిన కవర్ల మూలన పెన్సిలుతో కనీకనిపించని చుక్క పెట్టాను, ఎక్కడన్నా అమ్మకానికి వస్తే గుర్తుపట్టాలని. వెళ్లిన ప్రతిసారీ, వేరే వేరే మాటల మధ్య, పద్దెనిమిది గురించి అడుగుతూనే ఉన్నాను. చాచా ప్రతిసారీ చాయ్ ఇచ్చాడు.

నాలుగో శనివారం వాకిట్లోకి వెళ్లగానే ఏదో కాలిన వాసన వచ్చింది. గాలి తిరిగి జవహర్‌నగర్ డంపుయార్డు చెత్త వాసన ఇటు కొడుతోందేమో అనుకున్నాను. అది కాదు. కొంచెం తియ్యటి వాసన. చాచీ వాకిట్లో కూర్చొని ఒక గిన్నెను ఇటుక ముక్కతో గీకుతోంది.

“గాజుల బట్టీ లెక్క లక్క వాసన ఇల్లంత. నా గిన్నె ఖరాబ్ జేసిండు,” అంది, కొడుకు వైపు గడ్డం చూపిస్తూ.

పాత ప్లేట్లలో లక్క ఉంటుందని నాకు తెలుసు. వెంటనే అర్థమైంది.

“ఏ ప్లేటు కరగబెట్టినవన్నా?” అన్నాను.

“నువ్వడిగిందే,” అన్నాడు అతను, తప్పు చేసినట్టు ఏమాత్రం కనిపించకుండా. “కొనేటోడు ఏ మేకను మల్ల మల్ల అడుగుతడో, అసలు మాల్ అదే. నువ్వచ్చినప్పుడల్ల పద్దెనిమిదే అంటివి. మా అబ్బా చూస్తే దాన్ని బట్టల కింద దాసిండు. ఇద్దరికీ తెల్సింది నాకొక్కనికే తెల్వకపాయె అనుకున్న. సగం ఇరగ్గొట్టి గిన్నెల కరగబెట్టిన.”

“దాంట్ల ఏముంటదన్నా?”

“అది నువ్వే చెప్పాలె. పాత టీవీలల్ల ఎర్ర పాదరసం ఉంటదంటరు, కోట్లు పలుకుతదంట. బియ్యాన్ని తనవైపు గుంజే మహిమ గల రాగిచెంబుల కోసం కీసర దిక్కు కార్లేసుకొని తిరుగుతున్నరంట. నువ్వు జూస్తే మందుల కంపెనోనివి. చేతులకు తొడుగులు, అద్దం, కాటా. కడమ ప్లేట్లు నేనే గడ్డివాముల దాసిన, తెచ్చి ఇస్త గని, నిజం చెప్పు.”

“పాటల కోసమే అన్నా.”

“పాటల కోసమా?” గట్టిగా నవ్వాడు. “నాలుగు వారాలాయె. మూలకు ప్లేట్లు తిప్పే మిషిన్ ఉండె. ఒక్క పాటన్న పెట్టమన్నవా?”

నా చేతిలో నోట్‌బుక్కు ఉంది. సైజు, బరువు, గీతలు, అంచు దెబ్బలు. పాటకు గడి లేదు.

చాచా లోపల మంచం మీద కూర్చొని ఉన్నాడు. మిగిలిన సగం ప్లేటు ఒడిలో, తువ్వాల మీద ఉంది. పక్కన మనవరాలు నిలబడింది.

“గసొంటి పాటలు మేడ్చల్‌ల మొబైల్ షాపోళ్లు ఫోన్ చిప్పుల ఎక్కిస్తరు దాదా. గిప్పుడే పోయొస్త,” అంటోంది. ఆ పిల్ల బయటికి వెళ్లాక చాచా నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు తగ్గించాడు.

“వాడు పాగల్‌గాడు. నాకన్న చెప్పు బేటా. దీంట్ల ఏముండె?”

“పాటనే చాచా. నిజంగా.”

“అట్లనా.” సగం ప్లేటును నా వైపు తిప్పాడు. మధ్యన అంటించిన కాగితం మీద రాతలు అరిగిపోయి ఏమీ కనిపించడం లేదు. “ఏం పాట?”

నాకు తెలియదు.

ఆయన లేచి, ఆ సగాన్ని పద్దెనిమిదో కవరులో పెట్టి, పెట్టెకు తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుంటున్నప్పుడు కూడా నా చేతుల వైపే చూస్తున్నాడు. ఆ రోజు చాయ్ రాలేదు.