నీళ్లలో నిలబడ్డ లవంగం

మా అత్త పోయిందని మేము కాపురముంటున్న పులివెందులకు కబురు వచ్చినప్పుడు నేను పొయ్యి ముందు ధనియాలు వేయిస్తున్నాను. పెనం దించి, రెండు గింజలు వేళ్ల మధ్య నలిపి చెవి దగ్గర పెట్టుకున్నాను. కబురు తెచ్చిన మనిషి నాకు మతి పోయిందనుకుని ఉంటాడు. అది ఆమె నేర్పిన పని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ప్రొద్దుటూరులో మా వీధికంతా ఆమె ముక్కంటే గురి. ఎవరింట్లో పెళ్లయినా, కందూరు విందయినా సంబారాలు ముందు మా గడపకే వచ్చేవి. దినుసు అరచేతిలో పోసుకుని, కళ్లు మూసి, ముక్కుదాకా ఎత్తి, "ఇది పోయినేటిది", "ఇది కొత్తది" అని తేల్చేసేది. ఆమె వస్తోందంటే కొట్లవాళ్లు పాత మూటలు వెనక్కి జరిపేవారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో జమ్మలమడుగు నుంచి కోడలిగా వచ్చిన నాకు ఆ ముక్కంటే హడల్. నా కూరలో ఏం పసిగడుతుందోనని వణుకుతూ తాలింపు పెట్టేదాన్ని.

ఒక ఉదయం బావి దగ్గర నుంచి వచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. పాలు అడుగంటి నల్లబడ్డాయి. పొయ్యికి మూరెడు దూరంలో, అటు వీపు పెట్టి, అత్త కూనిరాగం తీస్తూ చింతపండులో గింజలు తీస్తోంది.

"అత్తా, మాడు వాసన రాల్యా?"

ఆమె గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. లేచి వెళ్లి తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

"రాదు పాపా. చిన్నప్పుడు అమ్మవారు పోసినకాడ్నుంచి నాకు ఏ వాసనా రాదు. ఎవురికీ చెప్పాకు."

కొంగుతో పట్టుకుని గిన్నె కిందికి దించాను. కాసేపటికి ఆ మాడు గిన్నె ముందు కూర్చుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ రోజుతో నా భయం వదిలింది. ఆమెకిచ్చిన మాట ఇన్నేళ్లకు ఇక్కడ దాటుతున్నాను, మన్నిస్తుందనే నమ్మకంతో.

ముక్కు పనంతా ఆమెకు చెవీ, పన్నూ, గోరూ చేసిపెట్టేవి. కొత్త ధనియాలు నలిపితే కరకరమంటాయి, పాతవి చప్పుడు లేకుండా పొడి రాలుస్తాయి. పసుపు కొమ్ములు ఒకదానికొకటి తగిలిస్తే గట్టిగా మోగాలి. మిరియం కొరికితే నాలుక చురుక్కుమనాలి. లవంగం మీద గోరు నొక్కితే తడి ఊరాలి, నీళ్లలో వేస్తే నిటారుగా నిలబడాలి.

"మరి ముక్కుకాడికి ఎందుకెత్తుతాండావు అత్తా?"

"ఎత్తకపోతే జనం నమ్మరు మ్మే."

మేమంతా ఖాలా అని పిలిచే ఎదురింటామె కూతురి నిఖా వచ్చింది. బిరియానీకి లవంగాలు తెచ్చినవాడు మా అత్త మాటతో బేరాలు పోగొట్టుకున్న కొట్టతను. పదిమందిలో పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాడు. వీధంతా ఘుమఘుమలాడింది. అందరం వాసన చూసి మెచ్చుకున్నాం. ఎక్కడ తప్పు చెప్పి పరువు పోగొట్టుకుంటుందోనని, మంచివేనని నేను కళ్లతో సైగ కూడా చేశాను.

ఆమె నా సైగ చూసింది. పిడికెడు తీసి ముక్కుదాకా ఎత్తి, తీరిగ్గా పీల్చి, గాజు గ్లాసుతో నీళ్లు అడిగింది. వేసిన లవంగాలన్నీ అడ్డంగా తేలాయి. నీటి మీద నూనె మెరిసింది.

"పండుకున్నాయప్పా ఇవి. పాతవాటికి లవంగనూనె పూస్తే లేస్తాయా?"

అతను పొట్లం కట్టుకుని పోయాడు. ఖాలా అందరి ముందూ మా అత్త ముక్కుకు దిష్టి తీసింది. ఇంటికొచ్చాక అత్త నా చెవిలో, "నీకు ముక్కుండాది గదా, అందుకే మోసపోయినావు" అంది. ఆ సంబరం ఆమె మొహంలో వారం రోజులు ఉంది.

అత్త పెద్దదినం వంటకు మొన్న ప్రొద్దుటూరులో సంబారాలు దింపారు. ఖాలా లవంగాల పొట్లం తెచ్చి నా అరచేతిలో పోసింది.

"ఆయమ్మ లేదు. ఇంగ నువ్వే చూడల్ల పాపా."

వీధి ఆడవాళ్లంతా చూస్తున్నారు. వాళ్లు నమ్మాలి కదా, ముక్కుదాకా ఎత్తాను. ఎంత మంచి వాసనో. ఇది ఆమెకు ఒక్కనాడూ దక్కలేదని తోచి కళ్లు తడిశాయి. గ్లాసుతో నీళ్లు తెమ్మని, ఒకటి తీసి వేశాను. అది కాస్త ఊగి, తల పైకెత్తి నిటారుగా నిలబడింది.

ఖాలా రెండు చేతులూ నా ముఖం చుట్టూ తిప్పి మెటికలు విరిచింది.