నల్ల డిస్కులో అప్పగింతలు

నేను మంచిర్యాలలో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేస్తాను. మా ఆయన కెమెరా భుజాన వేసుకుని ఊళ్లమ్మట తిరుగుతాడు. నేను ఇంట్లో ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన తెచ్చిందంతా కోసి, అతికించి, పాటలు వేసి ఇస్తాను. వాకిట్లో బోర్డు మీద మాత్రం ఆయన ఒక్కడి ఫొటోనే ఉంటుంది. సగం పని నాది కదా, నా ఫొటో ఏదీ అని ఒకసారి అడిగితే, "నీ ఫొటో పెడితే బ్యూటీ పార్లర్ అనుకొని వస్తరే" అన్నాడు. అలాంటి మనిషితో కాపురం నాది.

మా వైపు ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి గల్ఫ్‌లో ఉండి పెళ్లికి రాలేకపోతే, అతను సెలవు మీద వచ్చేదాకా మిక్సింగ్ చేయనివ్వరు, ఆల్బమ్‌కి ఫొటోలు ఏరనివ్వరు. వచ్చినాక నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తీసిందంతా మొదటి నుంచి చూసి, ఇది ఉంచు, ఇది తీసెయ్ అని అతనే చెబుతాడు. అప్పటిదాకా ఆ పెళ్లిని నేను తెరవను కూడా. మనిషి చూడనిది మనం ముట్టుకోకూడదని వాళ్లు అంటారు, నాకూ అదే న్యాయం అనిపిస్తుంది. ఒక్కోసారి ఏడాది గడుస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తండ్రి వచ్చి వీడియో చూసేనాటికి పెళ్లికూతురి చంకలో పిల్ల ఉంటుంది.

చెన్నూరు దగ్గర ఒక ఊళ్లో జరిగిన పెళ్లి అలాంటిదే. పెళ్లికూతురి తండ్రి మస్కట్‌లో ఉంటాడు. ఒక్కతే కూతురు. పెళ్లికి వస్తానని అందరికీ చెప్పుకున్నాడు, ఆఖరికి కంపెనీ సెలవు ఇవ్వలేదు. ఇక్కడ బంధువులు ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూపించారు. మైలపోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ చూశాడు. సరిగ్గా అప్పగింతల వేళకు సిగ్నల్ పోయింది. పొద్దుగూకుతోంది, పిల్లను పంపాలి, మగపెళ్లివారు తొందరపెడుతున్నారు. ఎవరు ఆగుతారు? కాల్ మళ్లీ కలిసేసరికి కారు ఊరు దాటిపోయింది. తండ్రికి ఖాళీ పందిరి, కుర్చీలు సర్దేవాళ్లు కనిపించారట.

తర్వాత కొన్నాళ్లకు పెళ్లికూతురి తల్లి సంచిలో పల్లికాయ పోసుకుని మా ఇంటికి వచ్చింది. "చెల్లె, ఆయనకు గా అప్పగింతలే గావాలె. దినాం ఫోన్ల గదే ముచ్చట. నా బిడ్డ ఏడ్సిందా, నన్ను యాది జేసిందా అని అడుగుతడు. నేనేం జెప్పాలె? ఏడ్సుకుంట కొంగు మొకానికి అడ్డం పెట్టుకుంటి, నాకేం కనబడ్డది? జర పైలంగ పెట్టు. ఆయన వచ్చి నీ పక్కకు కూసోని సూస్తడు" అంది.

"నాకు అప్పజెప్పినవ్ గదక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పటికి మా పాత డిస్కులు గొంతుదాకా నిండి ఉన్నాయి. మళ్లీ ముహూర్తాలు మొదలవుతున్నాయి, కెమెరా కార్డులు ఖాళీ చేయాలి. ఇక తప్పదని కరీంనగర్‌కు బస్సెక్కాం. అక్కడ కంప్యూటర్ సామాన్ల షాపతను అద్దాల బల్ల మీద రెండు హార్డ్ డిస్కులు పెట్టాడు. ఒక కంపెనీది నల్లది, ఇంకో కంపెనీది నీలంది. ఎక్కించుకునే జాగా ఒక్కటే, ధర కూడా ఇంచుమించు ఒక్కటే. ఏది మంచిదని అడిగితే, "రెండూ మంచియే మేడమ్, రెండూ మస్తు పోతయ్" అని ఫోన్ మాట్లాడుకుంటూ పక్కకు పోయాడు. మా ఆయన మొహం చూశాను.

"నీ ఇష్టం" అన్నాడు.

ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. చీర కొనేటప్పుడు నా ఇష్టం ఉండదు, ఇంటికి రంగు వేసేటప్పుడు నా ఇష్టం ఉండదు. రేపు తప్పయితే ఎవరో ఒకరు మొయ్యాలి అన్నచోట మాత్రం టక్కున నా ఇష్టం వచ్చి కూర్చుంటుంది. రెండింటినీ చెరో చేతిలో పట్టుకుని చూశాను. నల్లది కొంచెం బరువుగా అనిపించింది. స్టీలు గిన్నెలు కొనేటప్పుడు బరువు చూసి కొంటాం కదా, పల్చటివి సొట్టలు పోతాయని. అట్లాగే చూశాను. ఇంకేం తెలుసు నాకు? నల్లది ఇవ్వమన్నాను.

తిరుగు బస్సులో కూర్చున్నాక సీలు చింపి, డిస్కు బయటకు తీసి, అటూ ఇటూ తిప్పి మురిశాను. ఆ మురిపెం గోదావరి వంతెన ఎక్కేదాకా కూడా నిలవలేదు. ఊరికే ఉండలేక ఫోన్‌లో దాని పేరు కొట్టాను, కొన్నవాళ్లు ఏమంటున్నారో చూద్దామని. కొనకముందు చదవాల్సింది కొన్నాక చదివే బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో! "కొన్న కొద్దిరోజులకే చచ్చింది" అని ఒకడు. "నా బిడ్డ ఫొటోలన్నీ పోయాయి, ఎవరూ కొనకండి" అని ఇంకొకామె. నీలందాని గురించి వెతికితే అక్కడా ఇదే ఏడుపు ఉంది. కానీ నీలందాని ఏడుపు నాకు చిన్నగా కనిపించింది, ఎందుకంటే అది నా ఒళ్లో లేదు.

"వాపస్ పోదాం, మార్చుకుందాం" అన్నాను.

"దిమాక్ ఖరాబయిందా? సీలు సింపినంక ఎవడు తీసుకుంటడు?" అని మా ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

ఇంటికి రాగానే కార్డుల్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించాను. చెన్నూరు వాళ్ల పెళ్లి ఎక్కుతుంటే తెర మీద ఆకుపచ్చ గీత నిండేదాకా కుర్చీలోంచి లేవలేదు, అన్నం కూడా అక్కడే తిన్నాను. కళ్లన్నీ ఆ గీత మీదే. మర్నాడు పొద్దున మా ఆయన కార్డులు తుడిచేసుకుని బెల్లంపల్లి పెళ్లికి వెళ్లిపోయాడు. ఇక ఆ పిల్ల అప్పగింతలు ఈ భూమ్మీద ఆ నల్ల డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. చెన్నూరు నుంచి మా ఆయనకు తెలిసిన ఫొటోగ్రాఫర్ వచ్చి దాన్ని చూశాడు. "అయ్యో వదినా, నల్లది దెచ్చినవా? నీలంది దేకపోతివి. మా దోస్తుది నల్లదే, ఉన్నట్టుండి పోయింది" అన్నాడు. ఆ రోజు కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియదు. లక్షెట్టిపేట నుంచి వచ్చిన ఇంకొకాయన, "నీలందా? థూ! దానికంటే నల్లదే గట్టిది" అన్నాడు. ఆయనకు టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టాను. ఆ సంబరం సాయంత్రందాకా నిలిచింది.

పని చేసుకుంటూ మధ్యమధ్య డిస్కుకు చెవి ఆనించి వినడం అలవాటైంది. పసిపిల్ల నిద్రపోతుంటే ఊపిరాడుతోందో లేదోనని తల్లి వంగి చూస్తుందే, అట్లా. "నువ్వు సూసి సూసే దాన్ని సంపేటట్టున్నవ్" అనేవాడు మా ఆయన. ఇంకొకటి కొని అందులో కూడా ఎక్కించి పెడదామని నేనంటే, సీజన్ పోనీ అన్నాడు. సీజన్ పోయింది. వానలు పడ్డాయి. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసినప్పుడల్లా, "మంచిగున్నదా చెల్లె?" అని అడిగేది. పిల్ల బాగుందా అన్నట్టు అడిగేది. "మంచిగున్నదక్కా" అనేదాన్ని.

ఒక పొద్దున కంప్యూటర్ పెట్టగానే డిస్కు లోపలి నుంచి టక్, టక్ అని చప్పుడు వచ్చింది. గోడ అవతల ఎవరో సుత్తితో మెల్లగా కొడుతున్నట్టు. తెర మీద డిస్కు కనిపించలేదు. వైరు తీసి పెట్టాను, మళ్లీ తీసి పెట్టాను, ఇంకో వైరు పెట్టాను. దేవుడి ముందు పెట్టి దీపం కూడా వెలిగించాను, నవ్వితే నవ్వండి. టక్, టక్. తర్వాత అదీ ఆగిపోయింది. నీలంది తెచ్చి ఉంటే, నీలంది తెచ్చి ఉంటే అని నోటికి అదే మాట. అది మాత్రం పోయేది కాదని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయినా ఆ మాట నన్ను వదలలేదు, ఇప్పటికీ వదలలేదు.

మా ఆయన దాన్ని తువ్వాలలో చుట్టుకుని హైదరాబాద్ పోయాడు, చెడిపోయిన డిస్కుల్లోంచి తీసేవాళ్ల దగ్గరికి. వాళ్లు విప్పి చూశారు. లోపల తిరిగే పళ్లేల్లాంటి బిళ్లల మీద గీరుకుపోయింది అన్నారట. "డాటా ఏడికి పోలేదన్నా, దీంట్లనే ఉన్నది. గని రాదు" అని చెప్పి మళ్లీ బిగించి ఇచ్చేశారు. ఇంకో చోట అడిగినా అదే మాట. కంపెనీకి ఫోన్ చేస్తే, పాతది పంపండి, గ్యారంటీ ఉంది కాబట్టి కొత్తది ఇస్తాం అంది ఒకమ్మాయి తియ్యటి గొంతుతో. మరి దాంట్లో ఉన్నదో అని అడిగాను. దానికి మా పూచీ లేదు మేడమ్ అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. పాతది పంపడానికి చేతులు రాలేదు.

అందులో వేరే పెళ్లిళ్లు కూడా ఉన్నాయి. తిట్టినవాళ్లు తిట్టారు, ఒకాయన వాకిట్లో నిలబడి వీధంతా వినేట్టు అరిచాడు. తిట్లు తినొచ్చు, అరగించుకోవచ్చు. చెన్నూరు అక్కకు ఫోన్‌లో చెప్పినప్పుడు మాత్రం ఆమె ఏమీ తిట్టలేదు. "వచ్చే నెల వస్తుండు చెల్లె. ఆయనకు నేను జెప్పలేను. నువ్వే జెప్పు" అని పెట్టేసింది. ఆ నెలంతా ఏం తిన్నానో, ఏం వండానో నాకు గుర్తు లేదు. వాకిట్లో ఆటో ఆగితే కిటికీ చాటు నుంచి చూసేదాన్ని.

ఆయన భార్యతో కలిసి మధ్యాహ్నం పూట వచ్చాడు. ఎండకు నల్లబడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో ఖర్జూరాల సంచి. "నీ కోసమే తెచ్చిన చెల్లె" అని నా చేతికిచ్చి, ఎవరూ చెప్పకముందే కుర్చీ జరుపుకుని నా పక్కన తెర వైపు తిరిగి కూర్చున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. నేను చెప్పాను. ఎట్లా చెప్పానో తెలియదు, నల్లది, నీలంది, బస్సు, హైదరాబాద్ అన్నీ కలగాపులగంగా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. కళ్లద్దాలు మాత్రం తీయలేదు.

మా ఆయన వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు తీస్తివి గదా. నువ్వన్న సూసినవా? ఏడ్సిందా నా బిడ్డ?"

"అన్నా, అప్పటికి చీకటి పడుతుండె. లైటు సాల్తలేదు. నేను ఫోకస్ సూసుకుంట ఉంటి" అన్నాడు మా ఆయన తల వంచుకుని. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేను వినలేదు.

"నువ్వు సూసినవా చెల్లె? గా డిస్కులకు ఎక్కిచ్చేటప్పుడన్న?"

నా కళ్ల ముందు ఆ ఆకుపచ్చ గీత కదిలింది. పూటంతా కూర్చుని దాన్నే చూశాను. "సూడలే అన్నా. నువ్వు రానిది, నువ్వు సూడనిది నేను ముట్టద్దని..."

"పొల్లను అడిగితే నాకేం యాది లేదు బాపు అంటది. ఇగ గీమె కొంగు అడ్డం పెట్టుకున్నదట. అందరు కెమెరా తీస్తది గదా అనుకున్నరు" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరి మీదా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది.

బల్ల మీద పడి ఉన్న నల్ల డిస్కును చూపించి, ఇదేనా అన్నాడు. ఇదే అన్నాను. చేతిలోకి తీసుకుని మెల్లగా తిప్పి చూశాడు.

"దీంట్లనే ఉన్నదంటివి గదా?"

"ఉన్నదన్నా. గని రాదు."

"నాకియ్యి చెల్లె. ఆడ మా రూముల మలయాళోళ్లున్నరు, గిసొంటియి మంచిగ బాగు జేస్తరు. నాతోని కొంటబోత."

వాళ్ల వల్ల కూడా కాదు. నాకు తెలుసు. మా ఆయనకూ తెలుసు, నా వైపు చూశాడు. పాతది పంపితే కొత్తది వస్తుందన్న సంగతి కూడా ఆయన చూపులో ఉంది. "తీసుకపో అన్నా" అన్నాను. పెళ్లికూతురి తండ్రి తన భుజం మీది తువ్వాలలో దాన్ని జాగ్రత్తగా చుట్టాడు. ఖర్జూరాలు బల్ల మీద పోసి, ఖాళీ అయిన సంచిలో దాన్ని పెట్టుకున్నాడు. గడప దాకా పోయి ఆగాడు.

"మంచి కంపెనీదేనా చెల్లె?"

అది ఒక్కటే అడిగాడు. కరీంనగర్ అద్దాల బల్ల దగ్గర నుంచి నేను అడుగుతున్నదే.

"మంచి కంపెనీదే అన్నా" అన్నాను.