శాలువా కప్పి దాచిన పని

నిజామాబాద్ కాలేజీ డిబేట్లలో ఏ పక్షం చీటీ వస్తే ఆ పక్షాన వాదించి కప్పులు గెలిచినవాణ్ని. ఆ గొంతు చూసే బోధన్ వైపు ఓ ప్రైవేటు చక్కెర మిల్లు నన్ను ఆఫీసులో పెట్టుకుంది. తొంభైల చివరి రోజులవి. కొత్త యాజమాన్యం ఏటా ఓ ఉత్తమ కార్మికుణ్ని సన్మానిస్తామంది. సన్మానపత్రం రాసి సభలో చదవడం నా వంతు.

ఎంపికైనవాడు పదిహేడు సీజన్ల మనిషి. చెరకు పాకం మరిగే పాన్ దగ్గర నిలబడి, చుక్క తీసి వేళ్ల మధ్య సాగదీసి, చక్కెర గింజ కట్టిందో లేదో చెప్పేవాడు. ఆ పని చేసేవాణ్ని పాన్‌మ్యాన్ అంటారు. రిజిస్టర్లో మాత్రం అతను హెల్పర్.

సభకు ముందు నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, పాకం జూసే మీటర్లొస్తున్నయట. ఇగ మా చేతి ఏళ్లతోటి పనుండది. మహారాష్ట్ర దిక్కు మిల్లుల అడిగితె కాయిదం తెమ్మన్నరు. గా పత్రంల పాన్‌మ్యాన్ అని ఒక్క ముక్క రాయుండ్రి, సాలు."

"శాలువా కూడా ఇస్తారన్నా."

"పాన్ కాడ ఉడుక్కు అంగీనే ఇప్పేస్తం. శాలువ గప్పుకొని ఎవల్ని బెదిరియ్యాలె?"

రాశాను. మేనేజర్ ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"'మా కుటుంబ సభ్యుడు' అని రాయి. పాన్‌మ్యాన్ అంటే రేపు ఆ గ్రేడ్ జీతం అడుగుతడు."

"చేసేది అదే పని కదా సార్?"

"చేస్తడు. మనం రాసియ్యం. ఇది డిబేట్ గాదు తమ్మీ."

పని తీసుకోవడానికి పనికొచ్చి, పేరు చెప్పడానికి పనికిరాని మనిషికి పూలదండ! మిల్లు వెనక కాలువలోని మడ్డి కంపు ఆ కాగితం మీదా ఉన్నట్టు తోచింది. అయినా సభలో చదివాను, చివరి వరుసదాకా వినబడేలా. భుజాల మీద ఉన్ని శాలువాతో, చెమట కారుతూ, అతను ఒక్క మాట కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. చప్పట్లు మోగాయి.

వేదిక దిగాక అడిగాడు.

"మస్తు సదివినవ్ సారూ. నడుమ ఏమన్న మర్సిపోయినవా?"

"కొట్టేసిండ్రన్నా."

"నువ్వు రాసినవా?"

"రాసిన."

"మరి నీ నోట్లకెళ్లి ఎందుకు రాలే?"

పత్రం చుట్టి అతని చేతిలో పెట్టాను. మరుసటి సీజన్‌కు మీటర్లు వచ్చాయి. అతను ఆ పత్రమే పట్టుకొని సరిహద్దు దాటాడు. 'కుటుంబ సభ్యుడు' అన్నది చదివించుకొని అక్కడివాళ్లు నవ్వారట. బస్తాలు మోయడానికి పెట్టుకున్నారట.

సన్మానం ఫోటో ఒకటి నా దగ్గర మిగిలింది. అందులో మైకు ముందు నేనున్నాను. నోరు తెరిచే ఉంది.