పేర్లు మార్చుకునే కంప్యూటర్

మీ చిన్నతాతతో ఎందుకు ముభావంగా ఉంటావని మొన్న ఫోన్‌లో అడిగారు కదా, చెబుతాను వినండి.

ఎమ్మిగనూరులో మా నేత సంఘం ఆఫీసులో చీరల డిజైన్లు కంప్యూటర్లో దిద్దేదాన్ని నేనే. ఇన్నేళ్లు మగ్గం గుంటలో కూర్చున్నదాన్ని, ఆ లినక్స్ కంప్యూటర్ ముందు కుర్చీ ఇస్తే ఎంత మురిసిపోయానో. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదాని వైరు ఇంటర్నెట్‌కు, రెండోదాని వైరు డిజైన్ అందుకునే జాకార్డు మగ్గానికి. అన్నీ బిగించింది మీ తాత తమ్ముడే, ఆదోనిలో కంప్యూటర్ షాపు ఆయనది.

కరెంటు పోయి వస్తే ఒక్కోసారి డిజైన్ మగ్గానికి వెళ్లేది కాదు. వైర్లు కలిసిపోతున్నాయేమోనని ఒకదానికి ఎర్ర పోగు, ఇంకోదానికి పసుపు పోగు కట్టాను. మా నేతలో దువ్వెనలాంటి అచ్చులో ఏ సందులో దూర్చిన పోగు ఆ సందులోనే ఉంటుంది. కంప్యూటరూ అంతే అనుకున్నాను. లోపల మాత్రం కంప్యూటర్ పెట్టగానే ముందు లేచిన కార్డుకు ఈథ్‌జీరో, వెనక లేచినదానికి ఈథ్‌వన్ అని పేరు పడేది. వైర్లు ఉన్నచోటే ఉన్నాయి, పేర్లే తారుమారై డిజైన్ ఇంటర్నెట్ వైరు వైపు పోయేది. అది అప్పట్లో నాకు తెలియదు. ప్రతిసారీ మీ చిన్నతాతను పిలిపించేవారు. అందరినీ బయటికి పంపి సరిచేసి పోయేవాడు.

ఒకరోజు సెక్రటరీ నన్ను ఇక కంప్యూటర్ ముట్టుకోవద్దన్నారు. వదినకు వయసు మీదపడింది, వైర్లు మార్చేస్తోంది అని మీ చిన్నతాతే చెప్పాడట.

నేరుగా అడుగుదామని ఆదోని బస్సెక్కాను. షాపులో ఆయన లేడు. పనిచేసే అమ్మాయి కూర్చోబెట్టింది. అక్కడా రెండు కార్డుల కంప్యూటరే. కరెంటు పోతే మీకూ ఇట్లే ఆగిపోతుందా అని అడిగాను.

"యాడాగుతాదవ్వా. ప్రతి కార్డుకూ పుట్టుకతో ఒక నంబరుంటాది. ఈ నంబరుకు ఈ పేరని ఫైల్లో రాసేస్తే ఇంక మారదు. మా ఓనరన్న నాకు మొదటిరోజే నేర్పినాడు."

అంతలో ఆయన వచ్చాడు.

"నాకెందుకు సెప్పలేదప్పా?" అన్నాను.

నా ముఖం చూడలేదు. "నువ్వే సేసుకుంటే నన్నెవరు పిలుస్తారు వదినా" అన్నాడు.

మర్నాడు ఆ పిల్ల ఫోన్‌లో చెబుతుంటే, సెక్రటరీ ఎదుటే ఆ ఫైల్లో రాయాల్సిన వరుసలు టైపు చేశాను. కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి, నాలుగుసార్లు చూపించాను. పేర్లు కదలలేదు. కుర్చీ నాకే ఇచ్చారు. ఇంత చిన్న పని మీ మరిది ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని సెక్రటరీ అడిగారు.

"ఆయప్పకు తెల్దేమోలే సార్" అన్నాను.

ఆయన్ని వెనకేసుకొస్తూ ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.